ఏడో భాగంలో తిరిగొచ్చిన తమ్ముడు

మొదటి మెసేజ్ వచ్చినప్పుడు నేను దుకాణంలో పెళ్లివారికి ఇత్తడి బిందెలు చూపిస్తున్నాను. పెళ్లికూతురి తల్లి ఒక్కో బిందెను వేలితో కొట్టి చప్పుడు వింటోంది. గల్లాపెట్టె మీద ఫోన్ వెలిగింది.

"ఆ ఆడియో తీసెయ్. లేకుంటే మంచిగుండది."

తెలుగే, కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది. పేరు లేదు, ఫోటో లేదు. ఎవరికో పంపబోయి నాకు పంపారనుకుని ఫోన్ బోర్లా పెట్టేశాను. పెళ్లివారు వెళ్లాక చూస్తే దాని కింద ఇంకొకటి ఉంది: "చచ్చినోన్ని చచ్చినట్టే ఉండనియ్యాల్నా? అనెటందుకు నువ్వెవరు?"

అప్పుడు తెలిసింది, అది నాకేనని. ఆ మాట నేనే అన్నాను.

నాందేడ్‌లో మా అత్తగారివాళ్లది గిన్నెల దుకాణం. మధ్యాహ్నం గిరాకి పల్చబడ్డాక నేను మేడ మీది సామాన్ల గదిలోకి పోయి, స్టీలు డబ్బాల వరసల మధ్య కూర్చుని, ఫోన్లో పుస్తకాల గురించి మాట్లాడి నెట్‌లో పెడతాను. ముఖం చూపించను, పేరు చెప్పను, గొంతు మాత్రమే వినబడుతుంది. నేను మాట్లాడేవి ఒకే రకం పుస్తకాలు. లేని రాజ్యాలు, లేని రాజులు, ముందు పేజీలో పటం, ఒక్కోటి ఇటుక అంత మందం, అయిదు భాగాలు, ఏడు భాగాలు, కొన్నిటికి ముగింపే లేదు.

ఈ పిచ్చి నాకు పెళ్లయ్యాక పట్టుకుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఇంగ్లిష్ అంటే పరీక్షలో గట్టెక్కడానికి మాత్రమే. కొత్త కోడలిగా నాందేడ్ వచ్చిన ఏడాది, స్టేషన్ దారిలో పాత పుస్తకాలు తూకానికి అమ్మే చోట ఒక లావు పుస్తకం అట్ట మీద కోట బొమ్మ చూసి కొన్నాను. మొదటి భాగం నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మూడో భాగానికి వచ్చేసరికి నిఘంటువు ఎక్కడ పెట్టానో కూడా మర్చిపోయాను. చదివింది ఎవరితోనూ చెప్పుకోవడానికి లేక ఫోన్‌తో చెప్పడం మొదలుపెట్టాను. ఆదిలాబాద్, నిజామాబాద్, భైంసా నుంచి కొందరు, బొంబాయిలో ఉండే మనవాళ్లు కొందరు వింటారు.

నాకు అభిప్రాయాలు ఎక్కువ. చెడ్డవాళ్లందరినీ పటంలో కొండల అవతల ఒకే దిక్కున పెట్టే పుస్తకాన్ని నేను నమ్మను. మా పుట్టిల్లు దెగ్లూర్ పక్క ఊరు. కాస్త దూరం పోతే రాష్ట్రం మారిపోతుంది. అవతల ఉన్నది రాక్షసులు కాదు, మా మేనత్తలు. సరిహద్దు మీద పుట్టినవాడెవడూ అలాంటి పటం గీయడు. ఇంకో సంగతి. వీరుడు మూడు రాజ్యాలు దాటి పోతాడు, పోయిన ప్రతిచోటా అందరూ అతని భాషే మాట్లాడతారు. మా దుకాణంలో ఒక్క కుక్కర్ అమ్ముడుపోవడానికి మూడు భాషలు కావాలి. గిరాకికి వచ్చిన మనిషి మరాఠీలో అడుగుతుంది, బేరం దక్కనీలో సాగుతుంది, ఆ ధరకు ఇవ్వచ్చా అని మా అత్తమ్మ నన్ను తెలుగులో అడుగుతుంది. తొమ్మిది భాగాల కథ ఒకటుంది. అందులో ఇద్దరు రాణుల మధ్య మాటలు మార్చి చెప్పే దుబాసీ ఒకామె ఉంటుంది. యుద్ధం వస్తుందా ఆగుతుందా అన్నది ఆమె ఒక్క మాటను ఎలా మారుస్తుందన్న దాని మీద నిలబడుతుంది. ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నాను. ఎప్పుడో పుట్టకముందే జోస్యంలో గెలుపు రాసిపెట్టిన పిల్లగాడి కథలను మాత్రం సగంలో వదిలేశాను. మొహమాటం లేకుండా ఇవన్నీ చెప్పేదాన్ని. ఎవరికీ కోపం రాలేదు.

కోపం తెచ్చింది ఏడు భాగాల కథ.

ఒక కనుమ, దాన్ని కాపలా కాసే కోట. కోటకు అధిపతి ఒక అక్క. ఆమెకు ఒక్కడే తమ్ముడు. మూడో భాగం చివర, శత్రువు దాటి రాకుండా తమ్ముడు వంతెనకు నిప్పు పెట్టి తాను దాని మీదే ఉండిపోతాడు. వంతెన నదిలో కూలుతుంది. ఆ తర్వాత మూడు భాగాలు ఆ అక్క అతను లేకుండా కోటను ఎలా నిలబెట్టిందన్నదే కథ. అంత బాగా రాసినవాడు ఏడో భాగంలో ఏం చేశాడు? ఒక తెల్లవారుజామున తమ్ముడితో కోట తలుపు తట్టించాడు. నది అడుగున ఏదో లోకంలో ఇన్నాళ్లూ నిద్రపోయాడట.

నేను ఆడియోలో అన్నది ఇది: "ఇది మోసం. మూడో భాగంలో మనం ఏడ్చిన ఏడుపుకు విలువ లేదని మొహం మీదే చెప్పాడు. చచ్చినవాణ్ని చచ్చినట్టే ఉండనివ్వాలి. ఈ రచయితకు ఆ ధైర్యం లేదు."

మెసేజ్‌లు ఆగలేదు. వేరే వేరే నంబర్ల నుంచి, ఒకే తీరు రాత. ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ఎత్తితే ఎవరూ మాట్లాడరు, ఊపిరి వినబడుతుంది, పెట్టేస్తారు. నేను ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు భోజనాల దగ్గర ఫోన్ మోగితే నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మా ఆయన చూశాడు. ఫోన్ తీసుకుని అన్నీ చదివాడు.

"ఇన్ని దినాలసంది చెప్పవా? తీసేయరాదు. ఒక్క బటన్ పని."

"తీసెయ్య."

"ఎందుకు తీసెయ్యవ్? ఏం లాభముంది దాంట్ల?"

"లాభం లేదు. నేనన్నది తప్పైతే తప్పని చెప్పుమనండి, అప్పుడు నేనింట. బెదిరిస్తె ఎందుకు తీస్త?"

అత్తమ్మ మజ్జిగ పోస్తూ ఆగింది. "ఉన్నోళ్ల గురించి కొట్లాడుతరు, పోయినోళ్ల గురించి కొట్లాడుతరు. అసలు పుట్టనోళ్ల గురించి గూడ కొట్లాడుతరానే?" అంది.

మర్నాడు ఇంకో మెసేజ్ వచ్చింది. "నీ మాటల ఎనుక గిన్నెల చప్పుడు ఇనొస్తది. నాందేడ్‌ల గిన్నెల దుకాణాలు ఎన్నున్నయ్?"

నాందేడ్ పేరు నేనే ఎప్పుడో మాటల్లో అన్నాను. గిన్నెల సంగతి ఎన్నడూ చెప్పలేదు. మేడ మీద మాట్లాడుతున్నప్పుడు కింద ఎవరో అన్నం తినే తాటె పడేస్తారు, ఎవరో కుక్కర్ మూత పెట్టి చూస్తారు. ఆ చప్పుడు నా మాటల్లో పడుతుందని నాకే తెలియదు. ఇల్లు, దుకాణం, అత్తమ్మ. ఒక్కసారిగా అన్నీ గోడలు లేకుండా బయట పడ్డట్టు అనిపించింది.

మా ఆయన పోలీసు స్టేషన్‌కు పోయి నంబర్లు ఇచ్చి వచ్చాడు. వాళ్లు అన్నీ రాసుకున్నారు, మళ్లీ వస్తే తెలియజేయమన్నారు. వచ్చే దారిలో ఆయన పక్క బట్టల దుకాణం యజమానికి, ఎదుటి చాయ్ బండి ఆయనకు, సామాను దించే హమాలీలకు చెప్పి పెట్టాడు. ఇకనుంచి గల్లీ అంతా కాపలా. దాంతో ధైర్యం రావాలి కదా, నాకు రాలేదు. ఒంటరిగా మగమనిషి ఎవరొచ్చినా ముందు అతని చేతుల వైపు చూసేదాన్ని. గరిటెలు చూసి కొనకుండా పోయినవాడు గల్లీ మలుపు తిరిగేదాకా చూసేదాన్ని. మేడ మీది గదికి పోవడం మానేశాను. నా ఆడియోల కింద ఎవరేం రాశారో తెరిచి చూడడం కూడా మానేశాను. చదువుతున్న పుస్తకం కూడా మూసే ఉంది. కత్తి దూసిన చోట ఆపేశాను, ముందుకు పోబుద్ధి కాలేదు.

ఆ వారంలోనే ఇంకో మెసేజ్. ఒకటే మాట. "అస్తున్న."

అది వచ్చిన మరుసటి రోజు మధ్యాహ్నం అతను వచ్చాడు.

ముందు చాయ్ బండి దగ్గర చాలాసేపు నిలబడి మా బోర్డు వైపు చూశాడు. ముప్పయ్యయిదేళ్లు ఉండచ్చు. సన్నగా, కళ్లద్దాలు, భుజం ఒక పక్కకు వంగేంత బరువైన గుడ్డ సంచి. గల్లా దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. మా ఆయన వెనక గదిలో అట్టపెట్టెలు విప్పుతున్నాడు. అతను లోపలికి వచ్చి నన్ను పలకరించలేదు. ముందున్న వరసలోంచి ఒక తాటె తీసుకుని వేలితో కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మేడ మెట్ల వైపు చూశాడు.

"గిదే చప్పుడు" అన్నాడు తనలో తాను.

నేను గల్లా వెనక్కి జరిగాను.

అప్పుడు నా వైపు తిరిగాడు. "పుస్తకాల గురించి మాట్లాడేది మీరేనా?" అంటూ సంచిలో చెయ్యి పెట్టాడు.

"ఏమండీ!" అని నేను అరిచిన అరుపు నాకే కొత్తగా వినబడింది.

మా ఆయన వెనక నుంచి ఒక్క దూకున వచ్చి అతని కాలర్ పట్టుకున్నాడు. బట్టల దుకాణం యజమాని "ధరా త్యాలా, ధరా!" పట్టుకోండి వాణ్ని అని మరాఠీలో కేక వేస్తూ మెట్లెక్కాడు. అతని వెనక హమాలీలు, చాయ్ బండి ఆయన, దారిన పోయేవాళ్లు. "ఔరత్ కు ధమ్కీ దేతా క్యా?" అని ఎవరో అన్నారు, ఆడదాన్ని బెదిరిస్తావా అని. చెంపదెబ్బ చప్పుడు వినబడింది. కళ్లద్దాలు కింద పడ్డాయి. అతను ఏదో చెప్పబోతున్నాడు, "ఇనండి, ఇనండి" అన్న మాట తప్ప ఏదీ బయటికి రావడం లేదు. ఇద్దరు సంచి గుంజితే పట్టీ తెగింది. లోపలున్నవి స్టీలు తాటెల వరస మీద పడ్డాయి. తాటెలు దొర్లుకుంటూ గల్లీలోకి పోయాయి.

కత్తి పడుతుందనుకున్నాను. పడ్డవి పుస్తకాలు.

బడిపిల్లల పుస్తకాలకు వేసినట్టు వాటికి శ్రద్ధగా ప్లాస్టిక్ అట్టలు వేసి ఉన్నాయి. పేజీల మధ్య కాగితం ముక్కలు. నా కాలి దగ్గర పడ్డ దాని మీద నాకు బాగా తెలిసిన కనుమ, కోట, కాలుతున్న వంతెన. మూడో భాగం.

"ఆగండి" అన్నాను. ఎవరికీ వినబడలేదు. ఇంకో దెబ్బ పడింది. "ఆగండి, కొట్టకండి!" మళ్లీ వినబడలేదు. గుంపులో ఎవరు కొడుతున్నారో, ఎవరు పట్టుకున్నారో తెలియడం లేదు. మా ఆయన చెయ్యి ఇంకా కాలర్ మీదే ఉంది. ఆ ముఖం నేను ఎన్నడూ చూసింది కాదు. పక్కనే పెళ్లిళ్ల వంటలకు అమ్మే పెద్ద గుండిగ ఉంది. ఇనుప గరిటె తీసుకుని దాన్ని కొట్టాను. ఆపకుండా కొడుతూనే ఉన్నాను. గల్లీ అంతా అదిరింది. ఒక్కొక్కరే నా వైపు తిరిగారు.

"పుస్తకాలు తెచ్చిండు" అన్నాను. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. "ఆయన చేతిల పుస్తకాలే ఉన్నయ్. ఇడ్సిపెట్టండి."

"కాయ్ ఝాలం, వహినీ? హాచ్ నా తో?" ఏమైంది వదినా, వీడేగా ఆ మనిషి అని బట్టల దుకాణం యజమాని అడిగాడు. నాకు జవాబు తెలియదు. వీడే కావచ్చు. అయినా సరే, పుస్తకం పట్టుకుని వచ్చినవాణ్ని నా గడప మీద కొట్టడం నేను చూడలేను. ఆ మాటే అన్నాను.

అతన్ని లోపల స్టూలు మీద కూర్చోబెట్టాం. చొక్కా గుండీలు ఊడిపోయాయి, పెదవి చిట్లింది. అత్తమ్మ ఇంట్లోంచి నీళ్లు తెచ్చింది. నేను కళ్లద్దాలు తుడిచి ఇచ్చాను. చాయ్ బండి ఆయన తలవంచుకుని చాయ్ తెచ్చి పెట్టాడు. అతని ఫోన్ గల్లాపెట్టె మీద అందరి ఎదుటా ఉంది. మా ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు, ఇంకా నమ్మకం కుదరక.

అతను రెండు చేతులతో గ్లాసు పట్టుకుని మొదటి గుటక మింగుతున్నప్పుడు నా ఫోన్ వెలిగింది. అదే రాత. "బుగులైందా? భయపడ్డవా? మళ్ల అస్త."

మా ఆయన ఆ మెసేజ్ చదివాడు. గ్లాసు పట్టుకున్న అతని రెండు చేతుల వైపు చూశాడు. గల్లాపెట్టె మీద చీకటిగా ఉన్న అతని ఫోన్ వైపు చూశాడు. తర్వాత గల్లీలోకి దిగి, దొర్లిపోయిన తాటెలు ఏరడం మొదలుపెట్టాడు. గుంపు చప్పుడు లేకుండా పల్చబడింది.

"కిన్వట్ దిక్కు నుంచి అచ్చిన" అన్నాడు అతను. "మాండవి దగ్గర బడిల చెప్త. పొద్దుగాల బండికి ఎక్కిన."

"చెప్పకుంట అస్తరా సార్?"

"మీ ఆడియో కింద రాసిన. రెండుసార్లు రాసిన. మీరు జవాబియ్యలే."

"దుకాణం ఎట్ల దొరికింది?"

"మీ మాటల ఎనుక అప్పుడప్పుడు చప్పుడస్తది కదా. గిన్నెల దుకాణమే అనుకున్న. ఇది మూడోది. అన్నిట్ల తాటెలు కొట్టి చూసిన." కొంచెం నవ్వబోయాడు, పెదవి నొప్పి పెట్టినట్టుంది, ఆగిపోయాడు. "తప్పు నాదే. బెదిరిచ్చినట్టే అనిపిచ్చింది గావచ్చు మీకు."

ఇంత దూరం వచ్చి ఏం అడగాలనుకున్నారు అన్నాను. అతను కింద పేర్చి ఉన్న పుస్తకాల్లోంచి మూడో భాగం తీసి, కాగితం ముక్క ఉన్న చోట తెరిచి నా ముందు పెట్టాడు. వంతెన కూలే ఘట్టం. ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీత. తమ్ముడు పడిపోవడాన్ని ఒడ్డున ఉన్నవాళ్లెవరూ చూడలేదు, పొగ అడ్డం వచ్చింది అన్న వాక్యం.

"ఈ గీత మా ఆమె కొట్టింది" అన్నాడు. "మేమిద్దరం ఒక్కటే పుస్తకం చదువుతుంటిమి. ఆమె జల్ది చదువుతది. పేజీ చివర నా కోసం ఆగుతది. ఇదిగో, ఇక్కడ ఆగి అన్నది, వీడు చావలేదు, ఎవ్వరు చూల్లేదని రాసిండు, వీడస్తడు అని. నేను నవ్విన. పందెం కట్టింది. నాలుగో భాగం సగంల ఉండంగ ఆమె పోయింది. జరమొచ్చింది, తగ్గలే."

అత్తమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది.

"అయిదు, ఆరు భాగాలు నేను బయటికి చదివిన. ఆమె పక్కన ఉన్నట్టే. ఏడో దాంట్ల తలుపు తట్టిండు కదక్కా. నేను పుస్తకం మూసి అవతలికి పోయి నిలబడ్డ. ఆమె గెలిచింది అనుకున్న. మీరేమో మోసం అంటిరి. మోసం కాదు, మూడో భాగంలనే చెప్పిండు. చదివేటోళ్లు చదివిన్రు. మా ఆమె చదివింది."

ఈ వాక్యం నాకు తెలుసు. చదివినప్పుడే చూశాను. ఆడియోలో దాని సంగతి ఎత్తలేదు, ఎందుకంటే అది కూడా నాకు మోసంలో భాగంగానే కనబడింది. పొగ అడ్డం పెట్టి రచయిత తన కోసం ఉంచుకున్న దొంగ తలుపు.

"ఎవ్వరు చూడలేదని రాసుకునుడు అల్కటి పని సార్" అన్నాను. నా గొంతు పెరిగింది. "పొగ పెడితె అయిపాయె. నిజంగ పోయినోళ్లకు పొగ ఉండదు. నేను చూసిన. మా తమ్ముడు దెగ్లూర్ రోడ్డు మీద బండి మీదికెళ్లి పడి పోయిండు. దవాఖానల గుర్తుపట్టేటందుకు ఎవలన్న రావాలన్నరు. మా అన్నకు చాతకాలే. నేను పోయి చూసిన. బట్ట తీసిన్రు. చూసిన. ఆ ఏడే ఈ మూడో భాగం చదివిన. ఆ అక్క ఉన్నది కదా, కోటల, ఆమె నాకు తోడున్నది. ఆమె గూడ ఇగ రాడని తెలిసి బతికింది. మరి ఏడో భాగంల ఆమె తమ్ముడు అచ్చిండు. నాది?"

దుకాణం మెట్ల మీద తాటెలు పట్టుకుని మా ఆయన నిలబడి ఉన్నాడు. తమ్ముడు పోయిన సంగతి ఆయనకు కొత్త కాదు. ఆ రోజు నన్ను తీసుకుపోయింది ఆయనే. కానీ ఈ పుస్తకానికీ దానికీ ముడి ఉందని నేను ఎన్నడూ చెప్పలేదు. నిజానికి ఆ క్షణం దాకా నాకూ అంత తేటగా తెలియదు.

మాస్టారు పుస్తకం మెల్లగా మూశాడు.

"మీరు మోసమనే అనండి అక్కా. నేను ఒద్దన. కని ధైర్యం లేనోడు అన్నరు చూడండి, అది మాత్రం ఒద్దు. చంపుడుకే ధైర్యం కావాల్నా? ఇంతమంది ఏడ్చినంక, తిడుతరని తెలిసి, మళ్ల పట్కచ్చుడుకు ధైర్యం అక్కర్లేదా?"

తలుపు తట్టే ఘట్టం మాత్రం చెడ్డదనే నేను ఇప్పటికీ అనుకుంటాను. నది అడుగున లోకం ఏమిటో, అక్కడి నుంచి ఎలా లేచాడో రచయితకే తెలియనట్టు తొందరగా దాటేశాడు. ఆరో భాగం దాకా ఒక్క గుర్రానికి నాడా కొట్టించడం కూడా ఓపికగా రాసినవాడు అక్కడ పరుగెత్తాడు. ఆ మాటే మాస్టారితో అన్నాను. అతను ఒప్పుకున్నాడు. "అది నిజం. జల్ది చేసిండు" అన్నాడు. ఆ తర్వాత గంట దాకా ఇద్దరం దుబాసీ ఉన్న తొమ్మిది భాగాల కథ గురించి మాట్లాడుకున్నాం. అది అతనికి నచ్చలేదట. నాకు కోపం వచ్చింది, కానీ ఆ కోపంలో భయం లేదు. చాలా రోజుల తర్వాత అలాంటి కోపం.

మా ఆయన తెగిన సంచి పట్టీని గిన్నెలు కట్టే సుతిలితో గట్టిగా ముడేసి తెచ్చాడు. పుస్తకాలు ఒక్కొక్కటే తుడిచి లోపల పెట్టాడు. "సార్, నా చెయ్యి మీద పడ్డది. తప్పైంది" అన్నాడు. మాస్టారు సంచి అందుకుని, "మీ జాగల నేనున్నా గదే చేద్దును" అన్నాడు. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. స్కూటర్ మీద రైలు స్టేషన్‌కు తీసుకుపోయి, బండి కదిలేదాకా ఉండి వచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను మేడ ఎక్కాను. పాత ఆడియో తీయలేదు. కొత్తది పెట్టాను. మోసం అన్న మాట మీద నేను నిలబడే ఉన్నానని చెప్పాను. పెన్సిల్ గీత సంగతి, పందెం సంగతి మాస్టారు ఒప్పుకున్నంత వరకు చెప్పాను. ధైర్యం లేదన్న మాట వెనక్కి తీసుకున్నాను. నా తమ్ముడి గురించి కూడా చెప్పాను. వంతెన మీది తమ్ముడి గురించి మాట్లాడుతూ అతన్ని దాచిపెట్టడం ఇక కుదరలేదు. చెబుతున్నంతసేపూ మా ఆయన కింద ఎవరినీ గిన్నె ముట్టనివ్వలేదట.

ఆ తెలియని మనిషి ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. కొత్త ఆడియో తర్వాత కూడా రెండు మూడు మెసేజ్‌లు వచ్చాయి, మా ఆయన వాటినీ పోలీసు స్టేషన్‌లో ఇచ్చి వచ్చాడు. తర్వాత రాలేదు. ఎందుకు మొదలుపెట్టాడో, ఎందుకు ఆపాడో తెలియదు. ఇప్పటికీ కొత్త నంబరు చూస్తే నా వేలు ఒక క్షణం ఆగుతుంది.

కొన్నాళ్లకు అలాగే ఫోన్ మోగింది. చూస్తే మా మేనల్లుడి నంబరు, పుట్టింటి నుంచి. ఎత్తాను. మాట్లాడింది అమ్మ.

"నీ తమ్ముని ముచ్చట లోకానికి చెప్పినవట" అంది. "పోరగాడు ఫోన్ల పెట్టి ఇనిపిచ్చిండు."

వాడు పోయినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. అమ్మ ముందు అసలే ఎత్తరు. వాడి బండి రంగు బండి రోడ్డు మీద కనబడితే అమ్మ ముఖం తిప్పుకుంటుంది.

"తప్పైందా అమ్మా?"

అటు నుంచి గేదె అరుపు వినబడింది, ఎవరో బకెట్ పెట్టిన చప్పుడు. పెట్టేసిందేమో అనుకున్నాను.

"ఆ కథల పిలగాడు తిరిగచ్చిండా?" అంది.

"ఆ. అచ్చిండు."

"ఎట్లచ్చిండు? మంచిగ చెప్పు."

నేను బాగా లేదని ఊరందరికీ చెప్పిన ఘట్టం అది. నది అడుగు లోకం సంగతి అమ్మకు ఏం చెప్పను? అది వదిలేసి కనుమ చెప్పాను, మంచు చెప్పాను, కోట గోడలు చెప్పాను. తెల్లవారకముందు తలుపు చప్పుడైందని చెప్పాను.

"తలుపెవరు తీసిన్రు?"

"అక్కనే తీసింది."

"గుర్తువట్టిందా?"

"పట్టింది."

"ఏమన్నడు ఆడు?"

"సలి పెడుతుంది అక్కా అన్నడు."

"మరి అన్నం పెట్టిందా?" అని అడిగింది.

పుస్తకంలో పెట్టలేదు. తర్వాతి వాక్యంలోనే కొమ్ములు ఊదుతారు, సైన్యం కనుమలోకి వస్తుంది.

"పెట్టిందమ్మా" అన్నాను. "పొయ్యి అంటిచ్చి రొట్టెలు చేసింది. పుంటికూర పప్పు."

"తిన్నడా?"

"తిన్నడు. ఇంకో రొట్టె అడిగి తిన్నడు."

"తర్వాత?" అంది అమ్మ.

తర్వాత ఉన్నది యుద్ధం. గిరాకి గల్లా దగ్గర నిలబడి నా వైపు చూస్తోంది. మా ఆయన చూసుకుంటానన్నట్టు చెయ్యి ఊపాడు. నేను ఫోన్ పట్టుకుని మేడ మెట్ల మీద కూర్చున్నాను. తమ్ముడు చెయ్యి కడుక్కుని పొయ్యి పక్కన ఎలా పడుకున్నాడో, అక్క గొంగడి తెచ్చి ఎలా కప్పిందో, పుస్తకంలో ఎక్కడా లేనివి, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను.